రాముడి కంటే ముందు సబ్బొచ్చేది

పెళ్ళయింది, భోజనాలయ్యాయి, బస్సు రావడానికి ఇంకా టైముందని పిల్లలంతా కూడి అంత్యాక్షరి మొదలుపెట్టారు. పెద్దవాళ్ళం కూడా కుర్చీలు జరుపుకుని చేరాం. ఆట 'వ' దగ్గర ఆగింది. మా పిన్ని కూతురు ఏమీ ఆలోచించకుండా వాషింగ్ పౌడర్ నిర్మా పాట అందుకుంది. అంతే, యాభై దాటినవాళ్ళందరూ ఒక్కసారి గొంతు కలిపారు. మోకాళ్ళ నొప్పులతో మూల కూర్చున్న మావయ్య తాళం వేశాడు. హిందీ ముక్క రాని అత్తయ్య ఆ పాటలో వచ్చే నలుగురు ఆడవాళ్ళ పేర్లూ వరుస తప్పకుండా చెప్పింది. పాట అయ్యేసరికి పిల్లలు మా మొహాలకేసి చూస్తున్నారు. "మీరు చూసే ప్రకటనల్లోది ఏదైనా పాడండర్రా" అన్నాను. పాపం, నిజంగానే ఆలోచించారు. చివరికి ఒకమ్మాయి, "మాకు ఏ యాడూ చివరిదాకా తెలీదు పెద్దమ్మా. ఐదు సెకన్లవగానే స్కిప్ కొట్టేస్తాం" అంది.

ప్రకటనలు ఎక్కడికీ పోలేదు. ఫోన్లో, బస్సు వెనక, ఆఖరికి లిఫ్టులో కూడా అవే. పోయింది, ఊరంతటికీ తెలిసిన ప్రకటన. వీధిలో ఒక కిటికీ దగ్గర మొదలైన పాట పక్క కిటికీలో కొనసాగి, సందు మలుపు తిరిగేసరికి ఇంకో ఇంట్లో ముగిసే రోజులు పోయాయి. ముప్ఫై సెకన్ల పాటే కావచ్చు. కానీ అది ప్లీడరు గారికీ, ఆయన ఇంట్లో అంట్లు తోమే సత్తెమ్మకీ, నాకూ ఒకేసారి వచ్చేది, ఒకేలా వచ్చేది. అంతమందికి ఒకేసారి కంఠతా వచ్చినవి మా ఊళ్ళో చాలా తక్కువ.

*

దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరులో వచ్చింది. కానీ గోదావరి పక్క ఊళ్ళలో ఉన్న మాలాంటివాళ్ళకి టీవీ అంటే 1984 తర్వాతి మాటే. ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్ళాక దేశమంతా గబగబా రిలే కేంద్రాలు పెట్టుకుంటూ వచ్చిన కాలం అది. ఆ చిన్న కేంద్రాలు ఢిల్లీ నుంచి వచ్చినదాన్ని పట్టుకుని మా మేడల మీదికి వదిలేవి. కాబట్టి మా వీధికి వచ్చిన మొదటి టీవీ గొంతు హిందీ గొంతు.

ఆ మొదటి టీవీ ప్లీడరు గారింట్లో ఈసీ టీవీ. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్ళు చేసింది. చెక్క పెట్టె, ముందు రెండు పక్కలకీ జరిగే షట్టరు, షట్టరుకి తాళం. తాళం చెవి ప్లీడరు గారి భార్య కొంగున ఇనప్పెట్టె తాళంతో పాటు ఉండేది. ఆవిడని వీధిలో పిల్లలందరం పిన్నిగారు అనేవాళ్ళం. పక్కన స్టెబిలైజరు గుయ్యిమంటూ ఉండేది. ఆ మోత చిన్న 'టక్' మని ఆగాక పది నిమిషాలు కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పిన్నిగారు టీవీకి దారపు పనితో కుట్టిన గుడ్డ కప్పేవారు. ఒక కార్యక్రమానికీ ఇంకో కార్యక్రమానికీ మధ్య టీవీ వేడెక్కిందని కట్టేసి దానికి విశ్రాంతి ఇచ్చేవారు.

ఆడవాళ్ళు చాపల మీద, పిల్లలు గచ్చు మీద, మగవాళ్ళు గుమ్మంలో చెప్పులు పక్కన పెట్టుకుని నిలబడి. పైన ఏంటెనా దగ్గర ఒకడు, మెట్ల మీద ఒకడు, కిటికీ దగ్గర ఒకడు. "వచ్చిందా?" "కొంచెం సముద్రం వైపు తిప్పు!" "ఆఁ, ఆగు, ఆగు... పోయింది." పై వాడికి బొమ్మ కనపడదు, కింది వాడికి కడ్డీ కనపడదు. మధ్యలో మెట్ల మీద వాడు ఇద్దరి మాటా చేరవేసేవాడు. అంత కష్టపడి బొమ్మ నిలబెడితే మొట్టమొదట కనపడేది, తొంభై సార్లు చూసిన ప్రకటనే. అయినా అందరూ "వచ్చింది!" అని కేక వేసేవారు. ఆ కేకలో నిజమైన సంతోషం ఉండేది.

*

1987 జనవరిలో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర. ఎనిమిదికల్లా తలంట్లు అయిపోవాలి. పిన్నిగారు టీవీ చెక్కకి గంధం, కుంకుమ పెట్టి, పైన మందార పూలదండ వేసేవారు. కొబ్బరికాయ, అగరొత్తులు, హారతి పళ్ళెం సిద్ధంగా ఉండేవి. అప్పట్లో సీరియల్‌ని మధ్యలో తుంచి ప్రకటనలు దూర్చే అలవాటు ఇంకా బలపడలేదు. ముందొక వరుస, అయ్యాక ఇంకో వరుస. ముందు వరుస చాలా పొడుగు. స్వామి దర్శనం కావాలంటే సబ్బులు, పళ్ళపొడులు, టీ పొడులు అన్నీ దాటాలి.

ఒక ఆదివారం కర్పూరం ముందే వెలిగించేశారు. రాముడు రాలేదు, నురగతో సబ్బొచ్చింది. అందరి చేతులూ అప్పటికే జోడించి ఉన్నాయి. మా నాయనమ్మ కంగారుగా పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండర్రా, ఇంకా స్వామి రాలేదు" అంది. కర్పూరం ఆగుతుందా? సబ్బు, తర్వాత ఏదో బిస్కెట్టు, తర్వాత తలనొప్పి మందు. రాముడు వచ్చేసరికి పళ్ళెంలో మసి మిగిలింది.

ఆ తర్వాతి వారం నుంచి నాకో ఉద్యోగం ఇచ్చారు. ప్రకటనల వరుస పిల్లలందరిలోకీ నాకు బాగా తెలుసు కాబట్టి, హారతి పళ్ళెం పక్కన కూర్చుని లెక్క చెప్పాలి. "ఇంకా మూడున్నాయి పిన్నిగారూ." "ఇంకా రెండు." "ఇదే ఆఖరు, వెలిగించండి." పది పన్నెండేళ్ళ పిల్లని, అగ్గిపుల్ల గీసే క్షణం నా మాట మీద ఆగేది. బడిలో వచ్చిన ఏ బహుమతీ నాకు అంత గొప్పగా అనిపించలేదు.

ప్రకటనల వరుస వీధికి గడియారం లాంటిది కూడా. కుళాయి దగ్గర బిందె సగం నిండి ఉండగా పళ్ళపొడి పాట వినపడితే, ఇంకా టైముంది, నింపుకోవచ్చు. టీ పొడి పాట వినపడితే బిందె వదిలేసి పరిగెత్తాలి. గుమ్మంలో నిలబడి "ఏ ప్రకటనే?" అని అడిగితే లోపలినుంచి పేరు చెప్పేవారు. ఆ పేరుని బట్టి పాలు పొంగే దాకా ఉండాలో, కిరసనాయిలు స్టవ్ తగ్గించి వెళ్ళిపోవాలో అమ్మ తేల్చుకునేది.

*

మా నాయనమ్మకి టీవీలో ఇద్దరంటే ఇష్టం. ఒకరు రాముడు. రెండోది సర్ఫ్ ప్రకటనలో లలితాజీ. నాయనమ్మ ఆవిడని "లలితమ్మ" అనేది.

అసలు లలితాజీ పుట్టింది నిర్మా వల్ల. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ 1969లో ఇంటి దగ్గరే పొడి కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. కూతురు నిరుపమ పేరులోంచి నిర్మా అని పెట్టాడు. సర్ఫ్ ధరలో మూడో వంతు కూడా పెట్టనక్కర్లేకుండా దొరికేది. తెల్ల గౌను పిల్ల గిర్రున తిరుగుతూ దేశంలో ప్రతి వంటింట్లోకీ వచ్చేసింది. సర్ఫ్ చేసే పెద్ద కంపెనీకి దడ పుట్టింది. ధర తగ్గించలేరు, ఖరీదైనదే నిజానికి లాభమని ఒప్పించాలి. లింటాస్ ప్రకటనల సంస్థలో అలీక్ పదమ్సీ ఆ పని కోసం ఒక గృహిణిని తయారుచేశాడు. కూరగాయల దగ్గర పైసా పైసా లెక్క చూసే మనిషి, మంచి సరుకని నమ్మితే మాత్రం డబ్బుకి వెనకాడదు. బేరం వదలని తన తల్లిని చూసే ఆ పాత్రని మలిచానని పదమ్సీ చెప్పుకున్నాడు. కవితా చౌధరి ఆ వేషం వేసింది.

ఆవిడ మాట్లాడే పద్ధతి నాయనమ్మకి నచ్చింది. నవ్వదు, వయ్యారం లేదు, కెమెరా కళ్ళలోకి సూటిగా చూసి లెక్క చెబుతుంది. అంతవరకు ప్రకటనల్లో ఆడవాళ్ళు స్నానాలు చెయ్యడమో, మురిసిపోవడమో చేసేవారు. ఈవిడ వాదిస్తుంది.

"ఏమంటోందే?" అని నాయనమ్మ ప్రతిసారీ అడిగేది.

"చవగ్గా దొరికేది వేరు, మంచిది వేరు అంటోంది నాయనమ్మా."

"ఆ మాట నిజమే తల్లీ" అని టీవీకేసి తల ఊపి, శెట్టి కొట్టుకి వెళ్ళే నాన్నతో, "ఒరేయ్, నిర్మా ప్యాకెట్టు తీసుకురా" అనేది. ఒకసారి నాన్న ఉండబట్టలేక, "అమ్మా, లలితమ్మ చెప్పింది ఒప్పుకున్నావు కదా?" అన్నాడు. "ఒప్పుకోకేం, సబబుగానే చెప్పింది. కానీ లలితమ్మ మొగుడి జీతం వేరు, నీ జీతం వేరు" అంది నాయనమ్మ. వాదనలో గెలిపించి, బేరంలో ఓడించింది. పట్టుచీరలకి మాత్రం ఎవరి మాటా వినలేదు, కుంకుడుకాయలే.

1989లో ఉడాన్ సీరియల్ మొదలైంది. దాన్ని రాసింది, తీసింది, ముఖ్య పాత్ర వేసింది కవితా చౌధరే. తన అక్క కంచన్ చౌధరి ఐపీఎస్ అధికారిణి అయిన కథ అది. ఖాకీ బట్టల్లో ఆవిడ కనపడగానే నాయనమ్మ చాప మీదినుంచి లేచి కూర్చుంది. "చూశావా! లలితమ్మకి పోలీసు ఉద్యోగం వచ్చింది" అంది. ఆ వారమంతా కనపడిన వాళ్ళకల్లా ఆ కబురు చెప్పింది. అది వేరే కథ నాయనమ్మా అని మేమెవరం అనలేదు. అనాలనిపించలేదు. ఆ అక్క 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయింది, దేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ ఆవిడే. కవితా చౌధరి 2024లో పోయారు. ఆ వార్త చదివినప్పుడు మా ఇంట్లో పోయిన మనిషి లాగే అనిపించింది నాకు.

మా హిందీ కూడా ఆ ప్రకటనల్లోంచి వచ్చిందే. బడిలో హిందీకి పాస్ మార్కులు తక్కువ, భయం ఎక్కువ. సాయంత్రం హిందీ ప్రచార సభ పరీక్షల కోసం ప్రాథమిక, మధ్యమ అంటూ ట్యూషన్ ఉండేది. అక్కడ నేర్చుకున్న హిందీలో రైతు, ఆవు, సత్యం ఉండేవి. మరక, మెరుపు, రుచి, పొదుపు, పొరుగింటావిడ మాత్రం టీవీ నేర్పింది. ఏళ్ళ తర్వాత భోపాల్‌లో మా చెల్లెలు కాపురం పెట్టినప్పుడు, కూరగాయలవాడితో అది మొదట మాట్లాడిన మాటలు లలితాజీవే.

*

ప్లీడరు గారి టీవీ నలుపు తెలుపు. అద్దం మీద నీలం, గులాబీ, పచ్చ పట్టీలున్న ప్లాస్టిక్ షీటు తగిలించారు కొన్నాళ్ళు. దాంతో ఆకాశం నీలంగానే ఉండేది, కానీ మనుషుల తలలు కూడా నీలంగా ఉండేవి. అందువల్ల ప్రకటనల అసలు రంగులు మాకు కిరాణా కొట్టులో తెలిసేవి. లిరిల్ ప్రకటన ఉంది కదా, కొడైకెనాల్ దగ్గర జలపాతం కింద కారెన్ లునెల్ కేరింతలు కొట్టేది. నిమ్మపచ్చ రంగు మీద కట్టిన ప్రకటన మొత్తం. మాకేమో బూడిద రంగు నీళ్ళు, బూడిద రంగు అడవి, బూడిద రంగు అమ్మాయి. సబ్బు ఏ రంగని పిల్లలం పందెం వేసుకుని శెట్టి గారి కొట్టుకి వెళ్ళాం. "పచ్చ!" అని గెలిచినవాడు ఎగిరాడు. ఒనిడా టీవీ దయ్యం కొమ్ములతో, తోకతో వచ్చేది. దానికి కూడా పచ్చ బట్టలని మెయిన్ రోడ్డు మీద కలర్ టీవీల షాపు అద్దానికి ముక్కు ఆనించి చూశాకే తెలిసింది.

అన్నిటికంటే పెద్ద మిస్టరీ రస్నా. టీవీలో గ్లాసు నిండా తెల్లటి కాంతి. ఎండాకాలం సెలవల్లో అత్తల పిల్లలు, పిన్నుల పిల్లలు దిగేవారు. ఐదు రూపాయల ప్యాకెట్టుకి ముప్ఫై రెండు గ్లాసులని ప్రకటన. ఆ లెక్క మా అమ్మ మనసుని పట్టేసింది.

రస్నా చెయ్యడం మా ఇంట్లో ఒక పూట పని. డబ్బాలో పొడి పొట్లం ఒకటి, రంగు నీళ్ళ చిన్న సీసా ఒకటి. ముందు పెద్ద ఇత్తడి గిన్నెలో పంచదార పాకం. తీగ పాకం కానివ్వకూడదు, పలచగానే దించాలి. పాకం మీద తేలిన మడ్డి తెల్ల గుడ్డలో వడగట్టేది అమ్మ. చల్లారే దాకా ఎవరూ వంటింటి గడప తొక్కకూడదు. చల్లారాక పొడి, ఆ తర్వాత సీసా. సీసాలోది పడగానే గిన్నె మధ్యనుంచి నారింజ రంగు పువ్వులా విచ్చుకుని అంచులకి పాకేది. మేం పన్నెండు మందిమి చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాళ్ళం. ఆ రంగు టీవీలో మాకెప్పుడూ కనపడలేదు. ఆ నిమిషంలో మా గిన్నె టీవీ కంటే గొప్పది.

దాన్ని కడిగి ఎండబెట్టిన సీసాల్లో పోసి, ఏ పూటకాపూట నీళ్ళు కలిపి ఇచ్చేది. ఐసు ముక్కలు ప్లీడరు గారి ఫ్రిజ్‌లోంచి. స్టీలు గిన్నె మీద మూత పెట్టి, ఎండలో పరిగెత్తి తేవాలి. గ్లాసు విషయంలో మాత్రం అమ్మ కంపెనీ మాట పట్టించుకోలేదు. కాఫీ గ్లాసులతో కొలిచింది. దాంతో ముప్ఫై రెండు కాస్తా యాభై దాటాయి. నాన్న పంచదార లెక్క చూసి, "ఐదు రూపాయల సరుక్కి ఇంత పంచదారా?" అన్నాడు. "పిల్లల మొహాలు చూడండి" అంది అమ్మ. లెక్క అక్కడితో ఆగింది.

ఆ ప్రకటనలో కెమెరాకేసి ముద్దుగా చూసిన పాప అంకిత. తర్వాత మన సినిమాల్లో హీరోయిన్ అయింది, సింహాద్రిలో చేసింది. థియేటర్లో ఆ అమ్మాయి తెర మీదికి రాగానే నా వెనక వరుసలో ఎవరో "రస్నా పాప!" అన్నారు. హాలు సగం నవ్వింది. పాప పెద్దదైనందుకు మేనత్తలు మురిసిపోయినట్టుండేది ఆ నవ్వు.

*

ఈ పాటలు చేసినవాళ్ళు తక్కువవాళ్ళు కాదు. ముప్ఫై సెకన్లలో పల్లవి ఎత్తాలి, సరుకు పేరు చెప్పాలి, మనిషి మనసులో దిగబడాలి. లిరిల్ స్వరం కట్టిన వనరాజ్ భాటియా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదువుకున్న మనిషి. శ్యామ్ బెనెగల్ తీసిన అంకుర్ సినిమాకి సంగీతం ఆయనే ఇచ్చాడు. బెనెగల్ మన హైదరాబాద్ వాడు, నిజాం కాలేజీలో చదివాడు, బొంబాయి వెళ్ళి లింటాస్‌లో ప్రకటనలు రాశాడు, వందల కొద్దీ ప్రకటన చిత్రాలూ డాక్యుమెంటరీలూ తీశాడు. అంకుర్ కథ చేతిలో పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగితే, చివరికి డబ్బు పెట్టింది బ్లేజ్ అనే సంస్థ. సినిమా హాళ్ళకి ప్రకటన చిత్రాలు పంపిణీ చేయడం దాని వ్యాపారం. తెలంగాణ పల్లెలో దొర గడీ మీద పిల్లవాడు విసిరిన రాయి 1974లో తెర మీదికి వచ్చిందంటే, అందులో సబ్బుల డబ్బు, పౌడర్ల డబ్బు ఉంది. ప్రకటనలని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళకి నేనీ సంగతి తప్పకుండా చెబుతాను.

లూయీ బ్యాంక్స్ అనే జాజ్ పియానో విద్వాంసుడు బజాజ్ స్కూటర్ పాటకి స్వరం కట్టాడు, 1989లో. ఆ ప్రకటనలో మనిషి స్కూటర్ తుడుచుకుంటాడు, కుటుంబాన్ని ఎక్కించుకుంటాడు. మా వీధి ఆదివారం అచ్చం అలాగే ఉండేది. ముందు చిన్నవాడు నిలబడి, మధ్యలో పెద్దది ఇరుక్కుని, వెనక అమ్మ ఒక పక్కకి కూర్చుని చంటిదాన్ని ఎత్తుకుని. కిక్కు కొట్టే ముందు నాన్నలు బండిని ఒక పక్కకి వంచేవారు, ఆ వంపు కూడా అందరిదీ ఒకటే. ఆ పాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

*

హార్లిక్స్ మాకు దాదాపు సొంత సరుకు. రాజమండ్రి పక్కన ధవళేశ్వరం దగ్గర ఫ్యాక్టరీ ఉంది కదా. ప్రకటనలో పిల్లవాడు పాలల్లో కలపకుండా పొడి పొడిగానే తినేస్తాననేవాడు. మా ఇళ్ళలో అది ప్రకటన కాకముందే నేరం. పొడి దొంగిలించి నోట్లో వేసుకుంటే అంగిట్లో అతుక్కుని మాట బయటికి రాదు. అమ్మ "ఏం తిన్నావే?" అనగానే నోరు తెరవలేక దొరికిపోయేవాళ్ళం. టీవీ కుర్రాడు ఆ పనే బాహాటంగా చేసేసరికి మాకు లైసెన్సు దొరికినట్టయింది. జ్వరం వచ్చినవాళ్ళని చూడటానికి హార్లిక్స్ సీసా, బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు పట్టుకెళ్ళడం మర్యాద. పొడి అయిపోయాక అసలు జీవితం ఆ సీసాది. ఊరగాయ, పంచదార, ఇంగువ ముక్క, చివరికి నాన్న మేకులు, స్క్రూలు.

తర్వాత తర్వాత హైదరాబాద్ కేంద్రం కార్యక్రమాలు మాకూ అందాయి. శుక్రవారం చిత్రలహరి. పాట మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయి 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని అట్ట కనపడేది. చూసేవాళ్ళంతా కలిసి "మేమూ చింతిస్తున్నాం" అనేవారు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ప్రకటనలు తెలుగు మాట్లాడటం మొదలుపెట్టాయి. బొమ్మ మాత్రం బొంబాయిదే. టీవీలో అత్తగారి నోరు హిందీలో తెరుచుకుని తెలుగులో మూసుకునేది. పేరంటానికి వచ్చినట్టు నిండుగా మాట్లాడే కోడలు, పుస్తకం చదువుతున్నట్టుండే భర్త. అయినా అమ్మకి ఎంత తేలికైందో. అన్నాళ్ళూ నన్ను అడిగి తెలుసుకున్నవన్నీ తనే విని, "ఓహో, ఇదా వాళ్ళు చెప్పేది!" అంది. నాకు ఉద్యోగం పోయింది. కానీ అమ్మ ఎవర్నీ అడగకుండా చూడగలగడం చిన్న విషయం కాదు.

*

అన్నీ మంచి రోజులని చెప్పను. నలుపు తగ్గించే క్రీము ప్రకటన ఒకటి వచ్చేది. నల్లగా ఉన్న పిల్లకి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. క్రీము రాసుకోగానే అన్నీ వస్తాయి. మా వీధిలో చామనఛాయ పిల్ల ఒకతి ఉండేది, లెక్కల్లో బడికే ఫస్టు. ఆ ప్రకటన వచ్చిన ప్రతిసారీ పెద్దవాళ్ళు ఎవరో ఒకరు దానికేసి చూసేవారు. ఆ చూపు చాలు. గచ్చు మీద అందరి మధ్యా కూర్చున్న పిల్ల ఎటు తప్పించుకుంటుంది? అందరూ కలిసి చూడటంలో ఎంత వెచ్చదనం ఉందో, ఆ పిల్లకి అంత నరకం ఉంది. ఇవాళ్టి పిల్ల అలాంటిది కనపడితే వేలితో తోసేస్తుంది. ఆ స్కిప్ మీటని ఈ ఒక్క కారణానికి నేను మనస్ఫూర్తిగా దీవిస్తాను.

స్కూటర్ పాట విని మనం పొంగిపోయిన ఆ రోజుల్లోనే కట్నాల జాబితాలో స్కూటర్ ఉండేది. అది పాట తప్పు కాదు, మన తప్పు. బండి కోసం ఏళ్ళ తరబడి వరసలో ఎదురుచూడటం గొప్ప జ్ఞాపకంగా చెప్పుకుంటాం గానీ, ఆ ఎదురుచూపు పెళ్ళికూతురి తండ్రి గుండె మీద కూర్చునేది. ఇప్పుడు మా మేనకోడలు తన జీతంతో తన బండి కొనుక్కుని, వెనకాల వాళ్ళ నాన్నని కూర్చోబెట్టుకుని తిప్పుతోంది.

1994లో వచ్చిన క్యాడ్‌బరీ ప్రకటన చూస్తే మార్పు అప్పటికే మొదలైందనిపిస్తుంది. కుర్రవాడు సిక్సర్ కొట్టగానే పూల గౌను అమ్మాయి కాపలావాణ్ణి తప్పించుకుని గ్రౌండులోకి దూసుకెళ్ళి నాట్యం చేస్తుంది. మా అమ్మ దాన్ని ఎన్నిసార్లు చూసిందో. చేతిలో పని ఆపి మరీ చూసేది. నోరు మూసుకుని నవ్వే అమ్మ, ఆ అమ్మాయి గెంతినప్పుడు మాత్రం పళ్ళు కనపడేలా నవ్వేది.

*

ఇక్కడిదాకా చెప్పినవన్నీ వెతికితే ఇవాళ నిమిషంలో దొరుకుతాయి. లలితాజీ ఉంది, జలపాతం ఉంది, తెల్ల గౌను పిల్ల ఉంది. నన్ను బాధపెట్టేది దొరకనివి.

తొంభైల్లో మా ఊళ్ళో కేబుల్ వచ్చింది. కేబుల్ కుర్రాడు మధ్యాహ్నం సినిమా వేసి, మధ్యలో ఊరి షాపుల ప్రకటనలు వేసేవాడు. వాటిని తీసేది పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫరు. అందుకే చెప్పుల షాపు కూడా హృదయాకారంలో తెరుచుకునేది, గుండ్రంగా తిరిగి నక్షత్రాలై రాలిపోయేది. బట్టల షాపు ప్రకటనలో ఓనరు గారి తమ్ముడి కూతురు చీర మీద చీర మార్చి, అదే మెట్ల మీద అదే నవ్వుతో దిగేది. ఆ అమ్మాయి మాతో పాటే కాలేజీకి వచ్చేది. బస్టాపులో అందరూ ఆమెకి చోటిచ్చేవారు.

ఇక గొంతు. పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం వేసే ఒకాయన మా ఊరి ప్రకటనలన్నిటికీ గొంతిచ్చేవాడు. రాయబారం పద్యం ఎత్తుకున్నట్టే "గడియార స్తంభం ఎదురుగా" అని అందుకుని, "ఆషాఢం తగ్గింపు ధరలు" దగ్గర రాగం తీసేవాడు. ఫినాయిల్ గురించి చెప్పినా ధర్మం గురించి చెప్పినట్టే ఉండేది. ఆయన చెబితే నమ్మాలనిపించేది. సినిమా హాల్లో విశ్రాంతి వేళ గాజు పలకల మీద చేత్తో రాసిన స్లైడులు వేసేవారు కదా, వాటిని రాసిన ఆర్టిస్టు అక్షరాలు కూడా అంతే, ఊళ్ళో ఏ బోర్డు మీద చూసినా గుర్తుపట్టేవాళ్ళం. ఢిల్లీ, బొంబాయి ప్రకటనలు దేశానివి. ఇవి మావి. పక్క ఊరివాడికి తెలియవు.

వీడియోగ్రాఫరు గారి కొడుకుని ఈమధ్య అడిగాను. ప్రకటనలకి విడిగా క్యాసెట్ పెట్టుకునేవారు కాదట. క్యాసెట్ ఖరీదు. షాపువాళ్ళ పని అయిపోయాక దాని మీదే ఎవరి పెళ్ళో ఎక్కించేసేవారు. కొన్ని మాత్రం పెళ్ళి క్యాసెట్ల చివర, అప్పగింతలు అయ్యాక ఖాళీ టేపులో మిగిలిపోయి ఉండొచ్చన్నాడు.

కాబట్టి గోదావరి జిల్లాల్లో ఎవరింట్లోనైనా అటక మీద తొంభైల నాటి పెళ్ళి క్యాసెట్లుంటే పారేయకండి. చివరిదాకా చూడండి. తెల్లగా బూజు పట్టి ఉంటే ముందు శుభ్రం చేయించండి, అలాగే వీసీఆర్‌లో పెడితే టేపు నలిగి తెగుతుంది. వీడియో క్యాసెట్లని డిజిటల్‌లోకి మార్చే స్టూడియోలు రాజమండ్రి, కాకినాడ లాంటి ఊళ్ళలో ఇంకా అడిగితే దొరుకుతాయి. మార్చేటప్పుడు పెళ్ళి అయిపోగానే ఆపెయ్యవద్దని, టేపు అయిపోయేదాకా నడిపించమని మరీ మరీ చెప్పండి.